పెరడూ పొలమే!

శివరాత్రి దాటింది మొదలు ఉగాది దాకా మా పల్నాటి మెట్ట ఊళ్ళలో మగవాళ్ళకు కాస్త ఊపిరి తీసుకునే రోజులు. పత్తి ఎప్పుడో తీసేశాం. కంది కొట్టేశాం. మిరప ఆఖరి కోతల్లో ఉంది. రచ్చబండ దగ్గర కూచుంటే యార్డులో రేటెంత అన్న మాట తప్ప ఇంకోటి వినపడదు. ఆడవాళ్ళకు మాత్రం అసలు పని ఇప్పుడే. చింతకాయ పెచ్చు తీసి, గింజ తీసి, ఏడాదికి సరిపడా చింతపండు ఉప్పేసి కుండల్లో కుక్కాలి. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టి పప్పు చేయించాలి. కారం కొట్టించాలి, వడియాలు పెట్టాలి. ఇన్నిటి మధ్యా పెరట్లో పాదులకు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్ళు మోయాలి.

దీనికి లెక్క ఎక్కడుంది? కౌలు రాసుకుంటాం. ఎరువు, మందు, కూలి, యార్డుకు ఆటో కిరాయి అన్నీ రాసుకుంటాం. పెరడు సంగతి ఏ పుస్తకంలోనూ రాయం. రాయంది లేనట్టే అనుకుంటాం. ఈ తప్పు నేనే చేశాను, అందుకే ఇంత ధైర్యంగా అంటున్నాను.

2012 ఎండాకాలంలో మా పెరడంతా సిమెంటు చేయించాను. మిరపకాయలు ఆరబోసుకోటానికి కళ్ళం అవుతుంది, వానాకాలం బురద ఉండదు, పామూ పుట్రా చేరవు అని ఇంట్లో చెప్పాను. ఎదురింటివాళ్ళు చేయించారన్నది కూడా ఒక కారణమే, అది చెప్పలేదు. అప్పటికి అక్కడ మా అమ్మ వేసిన సొరపందిరి, గోంగూర మడి, తూము దగ్గర అరటి, చేమదుంపలు, గోడవార రెండు మునగచెట్లు, నాలుగు కోడిపెట్టలు ఉండేవి. మేస్త్రి ముగ్గు పోస్తుంటే అమ్మ కరివేపాకు చెట్టు పక్కన నిలబడి "దీన్నయినా ఉంచండ్రా" అంది. ఉంచాం. మొదట్లో మూరెడు మన్ను వదిలాం. నాలుగేళ్ళకు అది నిలువునా ఎండిపోయింది. వేపచెట్టు ఒక్కటే తట్టుకుంది.

ఆ తర్వాత ఆదివారం ఆదివారం ఊళ్ళోకొచ్చే కూరగాయల ఆటో కోసం సంచి పట్టుకుని నిలబడటం మొదలయింది. రెండెకరాల రైతును, బెండకాయలు కొనుక్కు తిన్నాను! మా ఆవిడ పాల లెక్క రాసే క్యాలెండరు మీదే కూరగాయల లెక్కా రాస్తూ వచ్చింది. నేను దాని వంక చూడలేదు. పోయిన ఏడాది ఆసుపత్రిలో ఆమెకు రక్తం తక్కువగా ఉందని చెప్పి ఐరన్ మాత్రలిచ్చారు, ఆకుకూరలు బాగా తినమన్నారు. మాత్రలు ఊరికే ఇచ్చారు. ఆకుకూర మాత్రం కొనాల్సొచ్చింది. ఆ రోజు క్యాలెండరు తీసి చూశాను.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ఒక లెక్క చెప్పింది. మనిషికి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో 50 గ్రాములు ఆకుకూర ఉండాలి అని. మా ఇంట్లో అయిదుగురం. రోజుకు కిలోన్నర, నెలకు 45 కిలోలు. మేం కొంటున్నది 20 కిలోలు కూడా లేదు. మిగిలిన రోజులు పచ్చడి మెతుకులతో సరి. అందులోనూ ఇంట్లో ఆఖరున తినేది ఎవరో, గిన్నె అడుగున మిగిలేది ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ సంక్రాంతికి మా అబ్బాయి కాలేజీ సెలవులకొచ్చాడు. ఇద్దరం గడ్డపారలు పట్టుకుని సగం సిమెంటు పగలగొట్టాం. రెండు రోజులు పట్టింది. కింద మన్ను చూస్తే దిగులేసింది. చెయ్యి పెడితే రాయి, ఒక్క వానపాము లేదు. "ఇన్నేళ్ళు ఊపిరాడలా దానికి" అంది అమ్మ. పెంటకుప్ప నుంచి రెండు ట్రక్కులు మాగిన ఎరువు, ఒక ట్రక్కు చెరువు మన్ను తోలి, కలిపి, వారం రోజులు తడిపి ఉంచాం. జనవరి ఆఖర్న సొర, బీర పాదులు పెట్టాం. బెండ, గోరుచిక్కుడు సాళ్ళు వేశాం. తోటకూర, గోంగూర చల్లాం. తోటకూర నెలకే కోతకొచ్చింది.

పందిరి దగ్గర తగాదా వచ్చింది. నేను పత్తికట్టె కప్పుదామన్నాను, ఊరికే పడుంది కాబట్టి. అబ్బాయి వద్దన్నాడు. వాడు చెప్పింది నిజమే. ఎండిన కాయలతో ఉన్న పత్తికట్టెను ఇంటి దగ్గర పోగేసి పెడితే గులాబీ రంగు పురుగు అందులోనే బతికి మళ్ళీ పైరు మీదికొస్తుంది. మన దొడ్లలో ఎన్ని మోపులున్నాయో ఒకసారి చూసుకోండి. చివరికి సుబాబుల్ గుంజలు పాతి, పైన కందికట్టె పరిచాం. అమ్మ నులకమంచం మీద కూచుని గుంజకూ గుంజకూ ఎడమెంతో చెప్పింది.

తీగలు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉన్నప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్సు కలిపి కొడితే ఆడపూలు ఎక్కువ వస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ తీగలకు మగపూలే ఎక్కువ పడతాయి కాబట్టి ఈ పని మొదట్లోనే చేసుకోవాలి. పెంకుపురుగు కనిపిస్తే పొద్దున్నే మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లటం అమ్మ పద్ధతి, ఇప్పటికీ పనికొస్తుంది. బూడిద తెగులు వచ్చిందని గంధకం మాత్రం తీగల మీద చల్లొద్దు, ఆకులు మాడిపోతాయి. అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు కాలవ తీసి అరటికీ చేమకూ మళ్ళించాం. సబ్బు నీళ్ళు ఆకుకూర మడికి వద్దు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. మొన్న మిరపకు కొట్టగా స్ప్రేయరులో లీటరున్నర మందు మిగిలింది. పారబోయటం ఎందుకని బెండ మీదికి తిప్పబోయాను. బెండకు పేనుబంక ఉన్నమాట నిజమే. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, రేపు కోసి వండేది అత్తయ్యకూ పిల్లకూ. గుర్తుందా?" అంది. నలభై దాటిన మనిషిని, ఏళ్ళ తరబడి పేపర్లో వ్యవసాయం రాస్తున్నవాణ్ణి, నోరు పెగల్లేదు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధం పెట్టింది. అయినా చేలో మిగిలిందేదో పెరట్లో దులపటం మన అలవాటు. మందు డబ్బా కడిగి నీళ్ళకు వాడే ఇళ్ళూ చూశాను. పేనుబంకకు అరకిలో వేపగింజలు దంచి, రాత్రంతా నానబెట్టి, పది లీటర్ల కషాయం చేసుకుంటే సరిపోయేది. దానికి బద్ధకం, అంతే.

కోళ్ళ సంగతి వివరంగా ఇంకోసారి. ఆరు వనరాజా పిల్లల్ని తెచ్చాం. రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకానికే తయారుచేసిన రకం అది. కొక్కెర తెగులు టీకా వేయించకుండా ఏ కోణ్ణీ పెంచొద్దు.

ఒక మాట అడగాలి. పెరటి విత్తనాల సంచులు మా మండలంలో ఒకసారి పంచారు. ఎండాకాలం విత్తనాలు జూన్‌లో చేతికొచ్చాయి! పంచేవాళ్ళకు పంచాంగం అక్కర్లేదా? ఇంకో సంగతి కూడా ఉంది. 2020లో పేదలకిచ్చిన ఇళ్ళ స్థలాలు పల్లెల్లో ఒకటిన్నర సెంటు. ఇల్లు కట్టాక అందులో పెరడు ఎక్కడ మిగులుతుంది? అలాంటిచోట పాత గోనెసంచిలో మన్నూ ఎరువూ నింపి సొరగింజ పెట్టి, తీగను డాబా మీదికి పాకించిన ఇళ్ళు చూశాను. నాలుగు సెంట్ల పెరడుండీ సిమెంటు పోసుకున్న నాలాంటివాళ్ళకు అది చూస్తే సిగ్గేస్తుంది.

సొర, బీరలకు ఇప్పుడు కాస్త ఆలస్యమే. నీటి వసతి ఉంటే తోటకూర, గోంగూర ఇప్పటికీ వేసుకోవచ్చు. బెండకూ అదును ఇంకా పూర్తిగా పోలేదు. మునగ విత్తనం తొలకరికి పెట్టుకోవచ్చు. పెరియకుళం పి.కె.ఎం.-1 రకమైతే గింజ వేసిన ఆరు నెలలకే కాపుకొస్తుంది. పేకముక్కలు పంచే చేతులు రెండు రోజులు గడ్డపార పడితే పందిరి లేస్తుంది. నీళ్ళు మోసే పని కూడా వాళ్ళ మీదే వదిలేయకుండా సాయంత్రం పూట మనం ఎత్తుకుందాం.

మా సొరకు మొన్ననే ఆడపూలు పడ్డాయి. అమ్మ పొద్దున్నే లేచి మంచం కోడు పట్టుకుని లెక్కపెడుతోంది. నిన్న ఏడు, ఇవాళ తొమ్మిది. పెరట్లో మిగిలిన సగం సిమెంటు మిరపకాయలకు ఉండాలని నేనంటున్నాను. ఉగాది వెళ్ళాక అదీ తీసేయాలని, అక్కడ కరివేపాకు మొక్క పెట్టాలని మా ఆవిడ అంటోంది. ఇంకా తేలలేదు. గడ్డపార మాత్రం ఆమె లోపల పెట్టనివ్వటం లేదు, వేపచెట్టుకే ఆనించి ఉంది.