కాపిశాయనము తేనె కాదు

కౌటిలీయార్థశాస్త్రమును పాఠము చెప్పునపుడు రెండవ అధికరణములోని సురాధ్యక్ష ప్రకరణమును దాటవేయుట కొన్నిచోట్ల ఆచారమైనది. మద్యప్రసంగము విద్యార్థులకేల అను సంకోచము దీనికి కారణము కావచ్చును. దాటవేయని చోట జరుగునదియు అంత మెచ్చదగినది కాదు. మధుశబ్దము కనబడినంతనే తేనె అనియో, కల్లు అనియో అర్థము చెప్పి ముందుకు సాగుదురు. కౌటిల్యుని పరిభాషలో మధువనగా ద్రాక్షరసముతో సిద్ధమైన మద్యము. పుట్టినచోటును బట్టి దానికి కాపిశాయనము, హారహూరకము అను వ్యవహారము కలదని కూడ ఆతడే తెలిపెను. గ్రంథకర్త స్వయముగా నిర్వచించిన శబ్దమునకు లోకార్థమును అంటగట్టుట వ్యాఖ్యానము కానేరదు.

ఆ ప్రకరణమునందే గమనింపదగిన విశేషము మరియొకటి ఉన్నది. మేదకమను మద్యమునకు ద్రోణము నీరు, అర్ధాఢకము బియ్యము, మూడు ప్రస్థముల కిణ్వము అని కొలతలతో సహా యోగము చెప్పబడినది. మధువు వద్దకు వచ్చుసరికి కొలతలు లేవు. దేశనామములు మాత్రమే ఉన్నవి. చేతిపని ప్రధానమైన పానీయమును యోగముచేతను, నేల ప్రధానమైన పానీయమును దేశముచేతను గుర్తించుట ఇందలి అభిప్రాయముగా గ్రహింపవచ్చును. మధువు దూరదేశపు సరకు గనుక దాని యోగము ఇచటివారికి అక్కరలేకపోయెనని ఆక్షేపింపవచ్చును. అట్లైనను దేశనామముతోనే సరకును వేరుపరచిరనుట నిలిచియే యుండును. కొనువాడు అడుగునది ఆ పేరునే గదా.

ఈ వ్యవహారము కౌటిల్యునితో ఆరంభమైనది కాదు. కాపిశి అను ఒక్క నగరమునకై పాణిని చతుర్థాధ్యాయ ద్వితీయపాదమున ష్ఫక్ ప్రత్యయమును ప్రత్యేకముగా విధించెను. ఫకారమునకు ఆయనాదేశము వచ్చి కాపిశాయన మగును. షిత్తు గనుక స్త్రీలింగమున కాపిశాయనీ అగును. కాశికాకారులు మధువును, ద్రాక్షను రెండింటిని ఉదాహరించిరి. పాఠశాలలో ఈ రూపసిద్ధిని తడువుకొనక చెప్పు విద్యార్థులు ఎందరో ఉన్నారు. కాపిశి ఎచట నున్నదని అడిగిన మౌనము వహింతురు. కాబూలునకు ఉత్తరమున నున్న నేటి బెగ్రామే ఆ నగరమని పండితుల నిర్ణయము. 1937, 1939 సంవత్సరములలో ఫ్రెంచి పురాతత్త్వవేత్తలు అచట జరిపిన తవ్వకములలో దంతపు పనితనముతో పాటు గాజు పానపాత్రలును బయల్పడినవి. అయితే కాశిక పాణినికి సుమారు వేయి సంవత్సరముల తరువాతిది. దాని ఉదాహరణములను పాణినికాలపు వృత్తాంతమునకు నేరుగా సాక్ష్యముగా నిలుపుట తొందరపాటగును.

హారహూరశబ్దపు చరిత్ర ఇంకను చిత్రమైనది. దేశమును బట్టి మద్యమునకు వచ్చిన ఆ పేరు నిఘంటువులలో ద్రాక్షకే పర్యాయమై కూర్చున్నది. నేటి పాశ్చాత్యుల వ్యవహారమునందును ఇట్టి చిక్కు కలదు. షిరాజ్ అను నల్లద్రాక్ష పారసీకనగరము పేరు ధరించియున్నది. దాని జన్మస్థానము ఫ్రాన్సులోని రోన్ నదీప్రాంతమని 1990ల చివర జరిగిన జన్యుపరీక్షలు తేల్చినవి. పేరు చూచి దేశమును, దేశము చూచి గుణమును నిర్ణయించుట యెంత ప్రమాదకరమో దీనివలన తెలియును.

గుణనిర్ణయము వైద్యుల పని. ద్రాక్షమద్యమైన మార్ద్వీకము విదాహమును కలిగింపదు గనుక రక్తపిత్తమునందును నిషిద్ధము కాదని సుశ్రుతుడు చెప్పెను. ఖర్జూరమద్యమును దానికి కొంచెము తక్కువగా నెంచెను. క్రొత్తమద్యము గురువు, పాతది లఘువు, దీపనము అని చరకుని మతము. ద్రవ్యము, దేశము, వయస్సు అను మూడింటిని నేటి పరీక్షకులును అడుగుదురు. బర్గండీ సీమలో షార్డొనే, పినో న్వార్ ద్రాక్షలు ప్రధానములైనను సీసాపై సాధారణముగా ఊరిపేరో తోటపేరో కనబడును. కాలిఫోర్నియావారు ద్రాక్షజాతి పేరునే పెద్దగా ముద్రింతురు. ఈ రెండు పద్ధతులకు 1976లో పారిస్ నగరమున పరీక్ష జరిగినది. పేర్లు మరుగుపరచి పాత్రలలో పోసి ఇయ్యగా, ఫ్రెంచి నిపుణులు చూచి, వాసన పీల్చి, రుచి చూచి మార్కులు వేసిరి. తెలుపునందును, ఎరుపునందును కాలిఫోర్నియా మద్యములకే ప్రథమస్థానము వచ్చినది. ఆప్తవాక్యమునకు, ప్రత్యక్షమునకు విరోధము వచ్చిన ఇట్టి సందర్భము తర్కపాఠములో ఉదాహరణమునకు యోగ్యమైనది. అదే తర్కపాఠములో గంధమును సురభి, అసురభి అని రెండుగా విభజించి చాలించిరి. మద్యపరీక్షలో రుచి యని పిలువబడు దానిలో పెద్దభాగము ఘ్రాణగ్రాహ్యము. ఆ విషయమున మన శాస్త్రపరిభాష పేదదని ఒప్పుకొనక తప్పదు.

కాళిదాసు మాత్రము భేదమును మరువలేదు. రఘువు దిగ్విజయయాత్రలో కళింగమునందు యోధులు తమలపాకుల దొన్నెలతో నారికేళాసవము త్రాగుదురు. పారసీకదేశమున ద్రాక్షతోటలలో మధువు సేవింతురు. ఒకే సర్గలో ఒకే సేన రెండుచోట్ల రెండు పానీయములు గ్రహించుట దేశౌచిత్యము. రెండుచోట్లను 'మద్యము త్రాగిరి' అని తాత్పర్యము వ్రాసినచో కవి చేసిన పని యంతయు చెరిగిపోవును. మహేంద్రగిరి ప్రాంతపు కొబ్బరితోటల నెరిగిన తెలుగువారు ఆ మాటను అంత తేలికగా విడువవలసినది కాదు.

నిషిద్ధవస్తువును గూర్చి ఇంత విచారమేల అందురా, నిషేధమునకే ఈ విచారము కావలెను. గౌడి, పైష్టి, మాధ్వి అని మనువు సురను మూడు విధములుగా విభజించెను. సురాశబ్దమునకు పైష్టియే ముఖ్యార్థమని మితాక్షరాకారుని సిద్ధాంతము. ప్రాయశ్చిత్తముల గురులఘుభావము దాని ననుసరించియే యుండును. కృష్ణార్జునుల పానమును సదాచారవిరోధముగా చూపిన పూర్వపక్షమునకు కుమారిలభట్టు సమాధానము చెప్పినదియు ఈ భేదము బలముతోనే. క్షత్రియులకు నిషిద్ధమైనది పిండిసుర గాని మధ్వాసవము కాదని ఆతని వాదము. మూడింటిని కల్లు అని అనువదించిన గ్రంథములో ఆ వాదము అర్థమగుట యెట్లు?

కావున అనువాదములలో మధు, సీధు, మైరేయ, ప్రసన్నా శబ్దములను యథాతథముగా నుంచి, ద్రవ్యమును ప్రక్కన వివరించుట యుక్తము. కౌటిల్యుని మధువునకు కొందరు ద్రాక్షాసవ మని వ్రాయుచున్నారు. తేనె కంటె అది మేలే. కాని మందుల అంగడిలో లభించు ద్రాక్షాసవము ధాతకీపుష్పములు మొదలగువానితో చేసిన ఔషధము గనుక పాఠకుడు దానినే తలంచును. సుశ్రుతుని మార్ద్వీక మను మాట యుండగా వేరొకటి వెదుకనక్కరలేదు. అది క్లిష్టమని తోచినవారు వైన్ అని వ్రాసినను దోషము లేదు.