ఇటుకగోడకు ఒత్తులుండవు



పాత లెన్సుల పదును తేల్చే పరీక్షకులతో నాకొక పేచీ ఉన్నది. చేతితో తిప్పి ఫోకసు చేసుకోవలసిన పాతకాలపు మాక్రో లెన్సు చేజిక్కగానే వారు చేసే మొదటి పని, మేడ మీదికెక్కి ఎదుటివీధి ఇటుకగోడను ఫొటో తీయడం. ఆ చిత్రాన్ని కంప్యూటరు తెరమీద నూరు శాతానికి పెంచి, మూల నెక్కడో మసక కనబడగానే "పదును లేని సరుకు" అని తీర్పు చెప్పేస్తారు. దగ్గరి పనికి పుట్టినదానిని దూరపు గోడతో తూచడం, కంసాలి సుత్తితో బండలు కొట్టి, సుత్తి పనికిరాదనడం వంటిది.

నా వద్దనున్నది 55 మిల్లీమీటర్ల ఎఫ్/3.5 మైక్రో-నిక్కోర్. దీని వంశచరిత్ర ఎరిగినవారు ఇటుకగోడల జోలికి పోరు. జపానులో ఆచార్య కోఅనా గ్రంథాలను మైక్రోఫిల్ముకెక్కించబూనగా, ఇరవయ్యారక్షరాల ఇంగ్లీషుకు చాలిన లెన్సులు గీతలు గుబురుగా ఉండే కాంజీ లిపికి చాలలేదు. ఆ కొరత తీర్చడానికే నిప్పన్ కొగాకు సంస్థ 1956లో 5 సెంటీమీటర్ల మైక్రో-నిక్కోరును తెచ్చింది. 1961లో దాని సంతతిగా 55 మిల్లీమీటర్లది వచ్చింది. అంటే ఇది అక్షరం కోసం పుట్టిన కటకం. దానిని అక్షరంతో గాక మరి దేనితో పరీక్షించాలి?

మనకు అక్షరాలకు కొదవా! సన్నని అచ్చులో 'అర్థము' అన్న మాట ఉన్న పాత పుట ఒక్కటి చాలును. థకారం కడుపులోని చుక్క మసకబారిందా, అది ధకారమై కూర్చుంటుంది. అర్థము కాస్తా అర్ధమై, సగమే మిగులుతుంది. అరసున్న సంగతి చెప్పనే అక్కరలేదు, కాగితపు మచ్చల్లో కలిసిపోతుంది. ఆ మాటను చిత్రం నడుమ ఒకమారు, నాలుగు మూలలా నాలుగుమార్లు ఉంచి తీయండి. నడుమ నిలిచిన చుక్క మూలలలో పోతే లెన్సును శంకించవచ్చు. అదీ వెంటనే కాదు.

ముందు మనలను మనం శంకించుకోవాలి. పుట ఉన్నచోట చిన్న అద్దం పరచి వ్యూఫైండరులో చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా నడుమ లేకుంటే కెమెరా వాలి ఉన్నట్టే. ఆ మసక లెన్సుది కాదు, మీ స్టాండుది. వస్తువును సగం ప్రమాణంలో తీసేటప్పుడు, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, ఎఫ్/8 దగ్గర సైతం స్పష్టంగా నిలిచే లోతు సుమారు మూడు మిల్లీమీటర్లే. 27.5 మిల్లీమీటర్ల గొట్టం తగిలించి వస్తువంత ప్రమాణానికి వెళితే ఒక్క మిల్లీమీటరు. ముడతపడ్డ కాగితం అంతకన్న ఎత్తుగానే లేస్తుంది. పోనీ అని ఎఫ్/22కు మూస్తే, ఆ ప్రమాణంలో అది ఎఫ్/44తో సమానమవుతుంది. వివర్తనం వల్ల వెలుగు చెదరి అక్షరాలన్నీ మొద్దుబారుతాయి. ఈ లెక్కలేవీ చూడకుండా, "పాతది గనుక ఇంతే" అనడం అన్యాయం. పాతబడి నిజంగా చెడినవీ ఉంటాయి. వెనుకనుండి టార్చి వేస్తే లోపలి పొర, బూజు ఇట్టే కనబడతాయి. ఆ నిమిషపు పని మాత్రం ఎవరూ చేయరు!

ఇంత కోపమెందుకంటారా? 2016లో ఒక పరిచయస్థుని ఇటుకగోడ తీర్పును నమ్మి నేనీ లెన్సును బీరువాలో పెట్టేశాను. తీర్పు చెప్పినవాడికన్న నమ్మిన పండితుడిదే పెద్ద తప్పు. మా నాన్నగారు తన కావ్యాల ప్రతుల అంచులలో ఆవగింజలంత అక్షరాలతో వ్రాసుకున్న వివరణలను ఫోనుతో తీశాను. ఫోను అతితెలివికి పోయి, చుక్కలను మచ్చలనుకొని తుడిచివేసింది. నాలుగేళ్ళకు అనుమానం కలిగి, లెన్సును బయటికి తీసి, స్టాండు సరిచేసుకొని, ఎఫ్/8 దగ్గర మళ్ళీ తీశాను. ప్రతి చుక్కా, ప్రతి ఒత్తూ నిలిచింది, మిగిలిన పుటలలో. ఈలోగా పదకొండు పుటల అంచులు పొడియై రాలిపోయాయి. వాటికిక ఆ ఫోను చిత్రాలే గతి. అందులో ఒక పద్యానికి ఆయన చెప్పుకున్న అన్వయాన్ని సగం వరకే చదవగలుగుతున్నాను.