చూచినవారి సాక్ష్యము

పోలీసులతో మనకేల యని తలుపు మూసికొనుటయే పెద్దమనిషితనమని మనవారు తలంచుచున్నారు. మేమది యంగీకరింపము. 2020 మే 25వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున ఒక పోలీసు జార్జి ఫ్లాయిడ్ మెడపై తొమ్మిది నిమిషములకు పైగా మోకాలు మోపి యతని ప్రాణము తీసెను. పోలీసుల తొలి ప్రకటనలో ఆ మోకాలి ప్రసక్తియే లేదు; అస్వస్థుడై మరణించెనట! దారినబోవు పదునేడేండ్ల బాలిక తన ఫోనులో దానిని చిత్రింపకున్నచో ఆ మాటయే నిలిచియుండెడిది. ఆ పోలీసు హంతకుడని 2021లో తీర్పు వచ్చెను.

మన ఠాణాలన్నిటను కెమెరాలుండవలయునని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. మంచిదే, కాని వానిని కాపాడు భారము ఆ ఠాణా యధికారిదే. అందరును దొంగలనము, అయినను తాళపుచెవులు ఒక్కరి చేతనే యుండనేల? వీథిలోని కన్ను వేరుగ నుండవలయును. చిత్రమును నలుగురికి పంపి ఊరకుండుట చాలదు సుమా! మూలప్రతిని భద్రపరచి, తేదీయు స్థలమును వ్రాసి, మేజిస్ట్రేటునకు అందజేయుడు.