తెల్ల తోలు బూటు సోకేనా?

ప్రియమైన హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, నాతో పాటు ఇదే వరండాలో ప్లేటు, గ్లాసు పట్టుకుని లైన్లో నిలబడిన పాత మిత్రులకు నమస్కారం.

వార్షికోత్సవ సంచిక అంటే చదువు గురించో, క్రమశిక్షణ గురించో రాయాలి. నేను బూట్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి. మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు ఇంటర్ చదివే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, తెల్ల తోలు టెన్నిస్ బూట్లు కొనుక్కోవాలని ఉంది. ఇంట్లో సోకులెందుకంటున్నారు. తప్పా?" అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

తప్పు కాదు. మా తాత ఊరందరికీ చెప్పులు కుట్టాడు. కానీ పెద్దవాళ్ల వీధి వచ్చేసరికి తన చెప్పులు విప్పి చేత పట్టుకునేవాడు. మనలో చాలామంది ఇళ్లల్లో ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అలాంటి ఇంటి బిడ్డ మంచి బూటు తొడుక్కోవాలనుకుంటే దాన్ని సోకు అని కొట్టిపారేయలేను. అంబేడ్కర్ గారు సూటు, బూటు వేసుకున్నది సోకు కోసమా?

ఆ బూటు కథ కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు టెన్నిస్ బూట్లు ఎక్కువగా గుడ్డవే. 1960లలో అడిడాస్ కంపెనీ ఫ్రెంచ్ ఆటగాడు రాబర్ట్ హైయే పేరుతో తోలు బూటు తెచ్చింది. 1970లలో దానికే అమెరికా ఆటగాడు స్టాన్ స్మిత్ పేరు పెట్టారు. ఆయన 1972 వింబుల్డన్ విజేత. ఆయనతో పాటు అమెరికా డేవిస్ కప్ జట్టులో ఆడిన మిత్రుడు ఆర్థర్ యాష్. నల్లజాతి బిడ్డ. చిన్నప్పుడు సొంత ఊరు రిచ్‌మండ్‌లో తెల్లవాళ్ల టెన్నిస్ కోర్టుల్లోకి అతన్ని రానివ్వలేదు. అతనే 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఊరి వీధి అయినా, టెన్నిస్ కోర్టు అయినా, కొందరి పాదాలకు అడ్డు చెప్పడం ఒక్క మన దగ్గరే జరగలేదు.

ఇక నా పొరపాటు చెబుతాను. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో టౌనులో ఒక పెద్ద షాపులో ఇలాంటి జతే కొన్నాను. "ప్యూర్ లెదర్ సార్" అన్నాడు. బేరం కూడా ఆడలేదు. ఇంటికెళ్లి నాయన చేతిలో పెట్టాను. నాయన బొటనవేలితో నొక్కి చూశాడు, వాసన చూశాడు, లోపలి అంచు తిప్పి చూశాడు. "ఇది తోలు గాదబ్బయ్యా, రెక్సీను" అన్నాడు. ఆరె, రంపె పట్టిన ఇంట్లో పుట్టి, బీఎస్సీ చదివి, తోలుకూ రెక్సీనుకూ తేడా తెలియక తోలు ధర కట్టి వచ్చాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ విద్యను చిన్నతనం అనుకుని నేర్చుకోనందుకు సిగ్గుపడ్డాను.

నాయన చెప్పింది, తర్వాత నేను తెలుసుకున్నది మీకు చెబుతున్నాను. నిజమైన తోలును నొక్కితే సన్నని ముడతలు అడ్డదిడ్డంగా పడి, వదలగానే సర్దుకుంటాయి. కోసిన అంచు దగ్గర పీచు కనిపిస్తుంది. రెక్సీను అయితే వెనక గుడ్డ కనిపిస్తుంది. చాలా బూట్ల లోపల చిన్న బొమ్మల గుర్తులుంటాయి. పరిచిన చర్మం బొమ్మ ఉంటే తోలు. ఆ చర్మం బొమ్మలోనే డైమండ్ ఉంటే పూత వేసిన తోలు. ఒట్టి డైమండ్ ఉంటే వేరే పదార్థం. పేరు చూసి మోసపోకండి. స్టాన్ స్మిత్ బూటునే 2021లో రీసైకిల్ చేసిన పదార్థం కలిపి, తోలు లేకుండా తెచ్చారు. అది చెడ్డదని కాదు, దేనికి డబ్బు కడుతున్నామో మనకు తెలియాలి.

అడుగు చుట్టూ కుట్టు ఉందో లేదో చూడండి. ఒట్టి జిగురుతో అంటించినదానికన్నా అది గట్టిగా ఉంటుంది. సాయంత్రం పూట తొడిగి చూడండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బుతుంది. తోలు వెడల్పులో కాస్త సాగుతుంది కానీ పొడవులో సాగదు. మన పీటీ బూట్లలాగా బకెట్లో నానబెట్టి, డాబా మీద ఎండబెట్టకండి. తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

చివరగా ఒక మాట. స్కాలర్‌షిప్పు డబ్బుతో కొనకండి, అప్పు చేసి అసలే కొనకండి. పుస్తకాలూ పరీక్ష ఫీజూ అయ్యాక, మీ కష్టార్జితంతో కొనుక్కోండి. అప్పటిదాకా గుడ్డ బూటు చాలు. కొన్నాక హవాయి చెప్పులతో వచ్చే జూనియర్ కాళ్ల వైపు చిన్నచూపు చూడకండి. చెప్పులు చేత పట్టుకున్న మన తాతలను అలా చూసినవాళ్లు ఒకప్పుడు ఉన్నారు. మనం వాళ్లలా కావద్దు.

తమ్ముడూ, కొనుక్కో. కొన్న రోజు ముందు ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వు. వాళ్లు నొక్కి చూసి "తోలే" అంటే, అప్పుడు తొడుక్కో.