అలకు తగిన పలక

సర్ఫింగ్ నేర్చుకొనేవారికి మొదటి బోర్డు ఎంపిక పెద్ద సమస్య కాదు. శిక్షకుడు ఎనిమిదడుగుల మెత్తని ఫోమ్ బోర్డు చేతికిస్తాడు. దానిపై బోర్లా పడుకొని, విరిగిన కెరటపు తెల్లని నురుగు వెనుకనుండి నెట్టుతుండగా లేచి నిలబడడం కొద్ది వారాలలోనే పట్టుబడుతుంది. అసలు చిక్కు ఆ తరువాతిది. నురుగును విడిచి, ఇంకా విరగని అలను అందుకోవాలన్న కోరిక పుట్టిన నాడు ఆ ఫోమ్ బోర్డు మొద్దుగా, బండగా తోస్తుంది. రెండవ బోర్డు కొనాలనిపిస్తుంది. చాలామంది తప్పటడుగు వేసేది అక్కడే.

కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రస్తావన ఇక పరాయిది కాదు. సముద్రమంటే కాళ్ళు తడుపుకొని వచ్చే చోటుగానే ఎరిగిన తండ్రుల పిల్లలు శనివారం తెల్లవారకముందే పసిఫికాలోని లిండామార్ తీరానికో, శాంటాక్రూజ్‌లోని కౌవెల్ బీచ్‌కో బయలుదేరుతున్నారు. ముప్పై దాటిన ఇంజనీర్లు సైతం వారిని అనుసరిస్తున్నారు. దుకాణంలో గోడకు ఆన్చిన బోర్డులలో కంటికి ఇంపైనది ఎప్పుడూ ఆరడుగుల దరిదాపుదే. ముక్కు సూదిగా, అంచులు పలుచగా, చంకన ఇమిడేంత తేలికగా ఉంటుంది. పోటీలలో విజేతలు ఎక్కేది అదే. కొనడం జరుగుతుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ బోర్డు గ్యారేజీలో పాత సైకిళ్ళ సరసన చేరుతుంది. సముద్రం తనకు చేతకాదని పిల్లవాడు నిర్ణయించుకుంటాడు. అతడి చేతకానితనం అందులో బహు స్వల్పం. అధికభాగం ఆ బోర్డుదే.

బోర్డును అందాన్ని బట్టి గాని, విజేతలను బట్టి గాని గాక, గంటసేపట్లో అది ఎన్ని అలలను అందించగలదన్న ఒక్క లెక్కను బట్టి ఎంచుకోవాలి. ఈ మాట వినడానికి నీరసంగా ఉండవచ్చు. కాని దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం ఉన్నత పాఠశాల స్థాయిని మించినది కాదు.

ముందుగా ఆర్కిమెడీస్ సూత్రాన్ని తీసుకుందాం. ఒక లీటరు సముద్రజలం బరువు దాదాపు 1.025 కిలోలు. ఆరడుగుల మూడంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 2.25 అంగుళాల మందం గల పోటీ బోర్డు ఘనపరిమాణం సుమారు 26 లీటర్లు. పూర్తిగా మునిగినప్పుడు నీరు దానిని పైకి నెట్టే బలం 26 కిలోలకు కొంచెం ఎక్కువ. అందులో బోర్డు సొంత బరువు రెండు మూడు కిలోలు తీసివేస్తే మిగిలేది 24 కిలోలు. మానవ శరీరపు సాంద్రత నీటి సాంద్రతకు చాలా దగ్గర. కాబట్టి 75 కిలోల మనిషి ఆ బోర్డుపై పడుకుంటే అతడి శరీరంలో మూడవ వంతు మాత్రమే నీటిపైకి వస్తుంది. తల, భుజాలు, వీపు పైభాగం తేలుతాయి. బోర్డూ, తక్కిన దేహమూ నీటిలోనే ఈడ్చుకుపోతాయి. అదే మనిషి ఏడున్నర అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం గల బోర్డుపై పడుకుంటే లెక్క మారుతుంది. దాని ఘనపరిమాణం సుమారు 55 లీటర్లు. బోర్డు బరువు పోను 52 కిలోల ఆధారం దొరుకుతుంది. శరీరంలో మూడింట రెండు వంతులు నీటికి పైన ఉంటుంది. చేతులు వేసే ప్రతి తోపూ నీటి నిరోధాన్ని జయించడానికి గాక, ముందుకు సాగడానికి వినియోగపడుతుంది.

ఇక అల వేగం. లోతు తక్కువైన చోట అల వేగం లోతును బట్టి నిర్ణయమవుతుంది. గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి వర్గమూలం కడితే సరి. మీటరు ఎత్తున్న అల ఇంచుమించు 1.3 మీటర్ల లోతులో విరుగుతుంది. అప్పటి దాని వేగం సెకనుకు మూడున్నర మీటర్లు, అనగా గంటకు 12 కిలోమీటర్లకు పైమాటే. బోర్డుపై పడుకొని చేతులతో తోసుకొనే మనిషి, బాగా అలవాటుపడినవాడైనా, అందులో సగం వేగాన్ని అందుకోవడమే కష్టం. తక్కిన సగాన్ని ఎవరిస్తారు? అల ముఖపు వాలు ఇస్తుంది. వాలుపై బోర్డు జారుతుంది, గురుత్వాకర్షణ లోటు భర్తీ చేస్తుంది. పొడవుగా, అడుగు చదునుగా ఉన్న బోర్డు స్వల్పమైన వాలుకే జారడం మొదలుపెడుతుంది. అందువల్ల అల ఇంకా నెమ్మదిగా లేస్తుండగానే దానిని అందుకొని, లేచి నిలబడడానికి రెండు మూడు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. చిన్న బోర్డుకు అల నిటారుగా లేచి, ఇక విరగబోతున్న క్షణం దాకా జారుడు రాదు. ఆ క్షణాన సరిగ్గా ఆ చోటనే ఉండి, రెప్పపాటులో లేవగలవాడికే అది పనికివస్తుంది. ఆ నేర్పు ఉన్నవాడు నేర్చుకొనేవాడు కాడు, నేర్చుకున్నవాడు.

సర్ఫింగులో అభ్యాసానికి లభించే కాలం ఎంత అల్పమో చాలామంది గుర్తించరు. పోటీలలోని క్రీడాకారులను గడియారం పట్టి గమనించిన పరిశోధకులు, సుమారు సగం సమయం చేతులతో తోసుకోవడానికి, మరో నలభై శాతం అలకోసం ఎదురుచూడడానికి పోతుందనీ, అలపై నిలిచి సాగేది వందకు పది పాళ్ళకన్నా తక్కువేననీ తేల్చారు. సంగీత విద్యార్థి గంటసేపు సాధన చేస్తే గంటా వీణ మీదనే వేళ్ళుంటాయి. సర్ఫింగు విద్యార్థి రెండు గంటలు నీటిలో ఉన్నా అలపై నిలిచింది మొత్తం మీద కొన్ని నిమిషాలే. పది అలలు ఇచ్చే బోర్డును వదలి రెండు అలలు ఇచ్చే బోర్డును కొన్నవాడు తన సాధనలో ఐదింట నాలుగు వంతులు డబ్బిచ్చి పోగొట్టుకున్నట్టే.

ఇంత తెలిసి కూడా చిన్న బోర్డు వ్యామోహం ఎందుకు పోదు? దానికి చరిత్ర ఉంది. 1885లో శాన్ మతేయో పాఠశాలలో చదువుకుంటున్న ముగ్గురు హవాయి రాకుమారులు శాంటాక్రూజ్ వద్ద శాన్ లొరెంజో నది ముఖద్వారంలో అలలపై స్వారీ చేశారు. వారు వాడినవి రెడ్‌వుడ్ చెక్కతో కోయించిన బరువైన పొడవాటి పలకలు. హవాయిలో పొడవైన ‘ఓలో’ పలక రాచకుటుంబీకులది. అనగా ఒకప్పుడు పొడవే గౌరవచిహ్నం! 1940లలో కాల్‌టెక్‌లో చదివిన బాబ్ సిమన్స్ వేగపు పడవల అడుగుభాగం నీటిపై తేలి జారే తీరును అధ్యయనం చేసి, ఆ సూత్రాలను బోర్డులకు అన్వయించాడు. 1950ల చివర పాలీయూరిథేన్ ఫోమ్ వచ్చింది. చెక్క భారం తొలగింది. 1967 తరువాత రెండు మూడేళ్ళలో తొమ్మిదడుగుల బోర్డులు ఏడడుగులకు, అంతకన్నా తక్కువకు దిగిపోయాయి. 1981లో ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్ మూడు రెక్కల బోర్డుతో పెద్ద పోటీలు గెలిచాక చిన్న బోర్డుకు పట్టు కూడా దొరికింది. 1992లో కెల్లీ స్లేటర్ తొలిసారి ప్రపంచ విజేత అయిన నాటినుండి ఆ దశాబ్దమంతా బోర్డులు అప్పడాలంత పలుచనయ్యాయి. అసాధారణ ప్రతిభావంతుల కోసం చెక్కిన ఆకారాలను సాధారణులు అంగట్లో కొని, వాటిపై మునిగితేలారు.

ఆ విజేతలు సైతం పెద్ద అలల దగ్గర చిన్న బోర్డును పక్కన పెడతారు. హాఫ్ మూన్ బే చెంత మావరిక్స్ వద్ద శీతకాలంలో కొండల్లాంటి అలలు లేచినప్పుడు మహామహులు తొమ్మిది, పది అడుగుల బోర్డులు తీసుకుపోతారు. ఎందుకంటే అంత వేగంగా వచ్చే అలను అందుకోవాలంటే ముందుగా తోపుడు వేగం కావాలి. మావరిక్స్ వీరుడికి నామోషీ కానిది లిండామార్‌లో నేర్చుకొనే కుర్రవాడికి ఎందుకు కావాలి?

తెలుగు సముద్రతీరానికి ఈ విషయం కొత్త కాదు. కోరమండల్ తీరాన ఓడరేవులు లేని రోజుల్లో కెరటాలను దాటించినది మసూలా పడవ. ఇనుప మేకులు లేకుండా కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టిన పలకలు కెరటం దెబ్బకు విరగక వంగేవి. విశాఖ తీరపు జాలరులు దుంగలు కట్టి చేసుకున్న తెప్పలపై విరిగే కెరటాల గుండా వెళ్ళి, తిరిగి ఆ కెరటాల మీదుగానే ఒడ్డుకు జారివచ్చేవారు. ఆ నిర్మాతలు ఏ తీరపు కెరటానికి ఆ ఆకారం చెక్కుకున్నారే గాని, పక్క ఊరి ఘనుడి పడవను చూసి కట్టలేదు. నేడు రుషికొండలోను, చెన్నై చెంత కోవళంలోను సర్ఫింగ్ నేర్పుతున్నారు. అక్కడివారికి కూడా ఇవే లెక్కలు వర్తిస్తాయి.

లీటర్ల లెక్కే సర్వస్వమని అనుకోవడమూ పొరపాటే. కంప్యూటరుతో బోర్డులు రూపొందించడం మొదలయ్యాక ఘనపరిమాణం కచ్చితంగా తెలియసాగింది. ఇప్పుడు చాలా బోర్డులపై అది ముద్రించి ఉంటుంది. మంచిదే. అయితే మందంగా ఇరుకుగా ఉన్న 45 లీటర్లు వేరు, వెడల్పుగా పలుచగా ఉన్న 45 లీటర్లు వేరు. నిలకడనిచ్చేది వెడల్పు. తోపుడులో రొమ్ము కింద ఎంత మందం ఉందన్నది ముఖ్యం; తోక వద్ద దాచిన లీటర్లు అక్కరకు రావు. రాకర్ అనే అడుగు వంపు ఎక్కువైతే బోర్డు చురుకుగా తిరుగుతుంది, కాని నెమ్మదిస్తుంది. కౌవెల్ బీచ్ వంటి మెత్తని అలలకు చదునైన అడుగే మేలు. పాలీయూరిథేన్‌తో పోలిస్తే ఎపాక్సీ పూత గల పాలీస్టైరిన్ బోర్డు తేలిక, మరింత తేలుడు ఇస్తుంది. గాలికి నీరు చిట్లుతున్న నాడు మాత్రం కాలి కింద తడబడుతుంది.

స్థూలంగా, నిపుణులకు శరీర బరువు కిలోలలో ఎంతో అందులో మూడవ వంతు లీటర్లు చాలు. తొలి అభ్యాసికి బరువుతో సమానంగా ఉన్నా తప్పులేదు. రెండవ బోర్డు కొనేవాడు ఈ రెంటికీ నడుమ, పై అంచుకు దగ్గరగా ఉండాలి: 75 కిలోలవాడు 80 లీటర్ల ఫోమ్ బోర్డునుండి 55కు దిగవచ్చు, ఏడాది గడిచాక 45కు. ఒక్కసారిగా 30కి దూకడం ఎనిమిదవ తరగతి బాలుణ్ణి కళాశాలలో కూర్చోబెట్టడం వంటిది.

చిన్న బోర్డును సమర్థించేవారి వాదంలో కొంత బలం లేకపోలేదు. పెద్ద బోర్డును ఎదురొచ్చే కెరటం కిందికి ముంచి దాటలేరు. దానితోబాటు తిరగబడి, కిందనుండి పట్టుకొని కెరటాన్ని పోనివ్వాలి. జనం ఎక్కువున్న చోట అదుపుతప్పిన పెద్ద బోర్డు పక్కవారి తలకు ప్రమాదం. దూరంనుండే అలలన్నిటినీ పట్టేసుకొనే పెద్ద బోర్డువాడంటే తక్కినవారికి కోపం, అది న్యాయమైన కోపమే. ఇవన్నీ అలవాటుతో, మర్యాదతో సర్దుకొనేవి. చిన్న బోర్డు తెచ్చే అలసట అలా సర్దుకొనేది కాదు. ఉత్తర కాలిఫోర్నియా నీరు తరచు 12 డిగ్రీల సెల్సియస్ దరిదాపులో ఉంటుంది. మందపు రబ్బరు దుస్తుల్లో భుజాలు త్వరగా బిగిసిపోతాయి. తీరంనుండి లోనికి లాగే ప్రవాహంలో చిక్కినప్పుడు అలసిన చేతులున్నవాడి కంటే తేలికగా తేలుతూ విశ్రమించగలవాడు క్షేమం. బోర్డును కాలికి కట్టే తాడు తెగవచ్చు గనుక ఈత రాకుండా దేనిపైనా దిగరాదన్నది వేరే చెప్పనక్కరలేదు.

‘కష్టపడితేనే వస్తుంది’ అనే మాట మన ఇళ్ళలో బాగా చెల్లుతుంది. కష్టం అభ్యాసంలో ఉన్నప్పుడు ఆ మాట నిజం. పనిముట్టులో ఉన్నప్పుడు కాదు. మొండి కత్తితో కూరగాయలు తరిగితే వంట రాదు, వేలు తెగుతుంది.

కొత్త బోర్డు వెల ఈనాడు ఎనిమిది వందల డాలర్లు దాటడం సాధారణం. రెండవ బోర్డుతో గడిపేది ఏడాదో, రెండేళ్ళో కాబట్టి ఒకరు వాడినది కొనడం వివేకం. వాడినదానిని కొనేటప్పుడు చేతిలోకి ఎత్తి చూడాలి. ఆకారానికి మించిన బరువుంటే లోన నీరు చేరిందన్నమాట. పైభాగాన్ని బొటనవేలితో నొక్కాలి, మెత్తగా లోపలికి పోతే పూత ఫోమ్‌నుండి విడిపోయింది. నడిమధ్యన అడ్డంగా చీలిక కనిపిస్తే ఎంత చవకైనా వదిలెయ్యాలి. అంచుల వద్ద అతికిన చిన్న గాయాలు, ఎండకు పచ్చబడిన రంగు పట్టించుకోదగినవి కావు. వాటిని చూపి ధర తగ్గించమనడానికి పనికివస్తాయి. ఇక పాత ఫోమ్ బోర్డును అమ్మవద్దు. మోకాలెత్తు అలలున్న వేసవి ఉదయాలలో దానికి సాటి లేదు. పైగా ఇంట్లో చెల్లెలో తమ్ముడో దానిపై కన్నేసి ఉంటారు.