గల్లాపెట్టె నిండితే లాభమేనా?

ధర్మవరం పట్టుచీరలు, హిందూపురం చింతపండు చూస్తూ పెరిగే పిల్లలకు బేరం ఒకరు నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఖర్చు లెక్క. ప్రాథమిక బడుల్లో పిల్లలే దుకాణాలు పెట్టి అమ్మే మెట్రిక్ మేళా అందుకు మంచి అదను. నిమ్మకాయ నీళ్లు అమ్మే పాప గల్లాపెట్టె నిండగానే అంతా లాభమే అనుకుంటుంది. నిమ్మకాయలు, చక్కెర, ఐసు, గ్లాసుల ఖర్చంతా, చివరికి అమ్ముడుపోక పారబోసిన నీళ్లకు అయినదానితో సహా తీసేస్తేనే అసలు మిగులు తేలుతుంది. అమ్మానాన్నలు సరుకులు కొనిచ్చి లెక్క అడక్కపోతే ఆ పాఠమే పోతుంది. అందుకే పెట్టుబడి అప్పుగా ఇవ్వండి, సాయంత్రం తప్పకుండా తిరిగి తీసుకోండి. మిగిలిన లాభం దాచుకోవడమూ నేర్పాలి. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా నడుపుకొనేందుకు రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు వీలిచ్చింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం హెడ్మాస్టర్లు మేళా మర్నాడే పెద్ద పిల్లల్ని బ్యాంకుకు తీసుకెళ్లాలి.