చూడని సరుకు – ఎరుగని వర్తకుడు

సంతలో ఎద్దును కొనే రైతు దాని పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, కాడి కట్టించి పరీక్షిస్తాడు. ఆ తరువాతనే బేరానికి దిగుతాడు. అంతర్జాలంలో సాగే వేలంపాటలో కొనుగోలుదారుకు ఈ అవకాశం లేదు. సరుకు ఒకచోట, వర్తకుడు మరొకచోట, సొమ్ము చెల్లించేవాడు వేరొకచోట ఉంటారు. నీళ్లలో ఉన్న గేదెను బేరమాడినట్లు సాగే ఈ వ్యాపారానికి నమ్మకమే మూలధనం. అయితే ఆ నమ్మకం పరీక్షకు నిలిచినదై ఉండాలి.

1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం వేదిక తరువాత ‘ఈబే’గా ప్రసిద్ధి పొందింది. అందులో తొలుత అమ్ముడైనది పనిచేయని లేజర్ పాయింటర్. అది పాడైనదని తెలిసే ఒకరు దానిని 14.83 డాలర్లకు కొన్నారు. లోపమున్న వస్తువును అమ్మడం దోషం కాదని, లోపాన్ని దాచి అమ్మడమే దోషమని ఈ ఉదంతం తెలుపుతుంది.

అపరిచితుల మధ్య విశ్వాసం నెలకొల్పడానికి ఆ వేదిక 1996లో అభిప్రాయాల పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని విలువను 2006లో వెలువడిన ఒక పరిశోధన నిరూపించింది. ఒకే వర్తకుడు పాత తపాలా కార్డులను పేరుపొందిన తన ఖాతాలోనూ, కొత్త ఖాతాలలోనూ అమ్మగా, పేరున్న ఖాతాకు సుమారు 8 శాతం అధిక ధర లభించింది. మంచిపేరుకు ఇంత విలువ ఉన్నప్పుడు దానిని కపటంగా సంపాదించేవారూ ఉంటారు. చౌక వస్తువులు నమ్మకంగా అమ్మి పేరు గడించి, ఖరీదైన వస్తువు దగ్గర మోసగించేవారు కొందరు. కాబట్టి నక్షత్రాల సంఖ్యను చూసి తృప్తిపడరాదు. ఆ వర్తకుడు ఇంతవరకు ఏ వస్తువులు అమ్మాడో, అసంతృప్తి చెందినవారు ఏమి రాశారో చదవాలి.

వేలంపాటలో పంతం వివేకాన్ని మింగివేస్తుంది. పాటకు ముందే రవాణా ఖర్చుతో సహా తన పరిమితిని నిర్ణయించుకొన్నవాడు నష్టపోడు. వర్ణనలో సందేహముంటే ఆ వేదికలోనే ప్రశ్నించాలి. అప్పుడు జవాబు సాక్ష్యంగా నిలుస్తుంది. తక్కువ ధర ఆశచూపి, వేదికను దాటి నేరుగా డబ్బు పంపమని తొందరపెట్టే వర్తకుణ్ణి దూరంగా ఉంచాలి. బయట చెల్లించిన సొమ్ముకు వేదిక కల్పించే రక్షణ సాధారణంగా వర్తించదు. ధర పెంచడానికి అమ్మకందారు కపటపు పాటలు పాడిస్తే, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం ఆ కొనుగోలును రద్దుచేసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉంది.

ఇంతటి అనుమానం నిజాయితీపరులైన కొత్త వర్తకులకు అన్యాయం చేయదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు. అయితే మంచి సరుకును, చెడ్డ సరుకును గుర్తించలేని సంతలో కొనుగోలుదారులు మంచి ధర ఇవ్వరనీ, క్రమంగా మంచి సరుకు అమ్మేవారే తప్పుకొంటారనీ ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో వివరించాడు. అందువల్ల కొనుగోలుదారు జాగ్రత్త నిజాయితీపరునికి శత్రువు కాదు, రక్షణ. కొత్త వర్తకుని వద్ద చిన్న వస్తువుతో ఆరంభించి, సురక్షితమైన చెల్లింపు మార్గాన్ని అనుసరిస్తే ఇరువురికీ న్యాయం జరుగుతుంది.

మన దేశంలో ఈబే వేదిక 2018లో మూతపడినా, అపరిచితుల నుండి వాడిన ఫోన్లు, పుస్తకాలు, వాహనాలు కొనడం ఆగలేదు. మోసపోయినవారు సిగ్గుతో మౌనం వహిస్తే మోసగాడు మరొకరి గడప తొక్కుతాడు. ఆర్థిక మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు, వినియోగదారుల వివాదాలకు 1915 నంబరుకు తెలియజేయాలి. సరుకు మంచిదైతే మంచిదని, లోపముంటే లోపమని సత్యంగా రాయడం కూడా కొనుగోలుదారు ధర్మమే. ఒకరు రాసిన ఆ నిజమే తరువాత వచ్చేవారికి కన్ను.